గేటు పక్క బోడి నేల

నాకు తెలిసి మ్యూరియల్ హాస్లమ్ తన మొగుణ్ణి అనుమానించని రోజు ఒక్కటే. ఆ రోజు ఆమెకి నూట మూడు జ్వరం. ఈ సంగతి జరిగేనాటికి ఉన్న ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో మిగతా రోజులన్నీ, ఆమె లెక్క ప్రకారం, క్లిఫర్డ్ ఎప్పుడూ ఎవరో ఒకరి వెంట పడుతూనే ఉన్నాడు. పెళ్ళినాడు తోడిపెళ్ళికూతురు. తర్వాత బస్సు కండక్టరమ్మ. ఆ తర్వాత పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే పిల్ల. ఒక ఏడాది ఎవరూ దొరక్క, ఆమె అనుమానం ఇంట్లో పంజరంలో పెంచుకున్న పిట్ట మీద పడింది. అది ఆడపిట్ట అని ఎవరో చెప్పారట.

క్లిఫర్డ్‌ని చూసినవాళ్ళకి ఇదంతా నవ్వులాటగా ఉండేది. బస్సు డిపోలో ఇంజన్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేసే మనిషి. పొడుగ్గా, ఎండిన చువ్వలా ఉండేవాడు. ఎంత కడిగినా గోళ్ళ కింద నలుపు పోదు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప, అందులో ఆరు గడ్డి గురించే. ఇంటి ముందూ వెనకా ఉన్న పచ్చిక తప్ప అతనికి వేరే లోకం లేదు. శనివారం మధ్యాహ్నం వీధిలో మగాళ్ళంతా ఫుట్‌బాల్ ఆటకి పోతే, ఇతను మోకాళ్ళ మీద కూర్చుని కలుపు పీక్కునేవాడు.

నాది వాళ్ళ ఎదురిల్లు. మ్యూరియల్, నేను ఒకే బడి వంటశాలలో ఇరవై రెండేళ్ళు పనిచేశాం. పొద్దున్నే ఒకే బస్సెక్కేవాళ్ళం. నాలుగువందల మంది పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండాలి. ఆమె బంగాళాదుంపలు చెక్కుతూ మొగుడి సంగతులు చెప్పేది, నేను క్యారెట్లు తరుగుతూ వినేదాన్ని. నా పెళ్ళి సంబంధం నిశ్చితార్థం ఉంగరం దాకా వచ్చి ఆగిపోయింది. అందుకని ఏమైనా సర్దిచెప్పబోతే, "నీకేం తెలుస్తుంది జెస్సీ, పోగొట్టుకోడానికి నీ దగ్గరేముందని" అనేసేది. నిజమే. అనుమానించడానికైనా ఇంట్లో ఒక మనిషంటూ ఉండాలి. ఆ విషయంలో నేను మ్యూరియల్‌ని చూసి ఏడ్చేదాన్ని. దాచుకోవడం దేనికి?

ఆ ఏడాది ఎండలు మీకు గుర్తుండే ఉంటాయి. పంతొమ్మిది వందల డెబ్భై ఆరు. మే నుంచి ఆగస్టు చివరి దాకా ఇంగ్లండులో ఎప్పుడూ ముసురు పట్టి ఉండే మా లాంకషైర్‌లో కూడా చుక్క వాన లేదంటే ఇక చెప్పేదేముంది! గొట్టంతో మొక్కలకి నీళ్ళు పడితే జరిమానా అన్నారు. స్నానం చేసిన నీళ్ళు బకెట్లతో మోసుకెళ్ళి గులాబీలకి పోసుకున్నాం. గడ్డి ముందు పసుపుపచ్చగా మారింది, తర్వాత బిస్కెట్ రంగు, తర్వాత అదీ లేదు. ఆగస్టు ఆఖరి సెలవు రోజున వాన మొదలయ్యేసరికి వీధి వీధంతా బోడితలల వరసలా ఉంది. మర్నాడే ఊళ్ళో గడ్డివిత్తనం అయిపోయింది. దుకాణాల వాళ్ళు చేతులెత్తేశారు.

క్లిఫర్డ్ దగ్గర మాత్రం వసంతంలో కొని దాచిన విత్తనం డబ్బాడు ఉంది. సన్నరకం. రెండు మూడు వారాలకి గాని మొలవదు, మొలిస్తే మాత్రం జుట్టులా మెత్తగా వస్తుంది. ఆ డబ్బా మూత తీసి అతను మొదట విత్తనం చల్లింది తన వాకిట్లో కాదు. పక్కింట్లో, థెల్మా వాకిట్లో.

థెల్మా ఆ ఏడు మార్చిలోనే సౌత్‌పోర్టు నుంచి వచ్చింది. భర్త పోయాడు. యాభై దాటినా నడుము సన్నం, వారం వారం సెలూన్‌కి పోయి జుట్టు ఉంగరాలు తిప్పించుకుని వచ్చేది, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. మ్యూరియల్ గొంతు బడి వంటశాలలో ఈ చివర నుంచి ఆ చివరకి ఆర్డర్లు వేసే గొంతు. ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే నాకే భయం వేసేది. థెల్మా సామాను తెచ్చిన లారీ గేటు పక్క పచ్చికని తొక్కేసింది, మిగిలినదాన్ని ఎండ తినేసింది. రెండు తలుపులు పక్కపక్కన పరిచినంత మేర అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు.

సెప్టెంబరు మొదటి శనివారం క్లిఫర్డ్ ఆ నేలని పళ్ళ దంతెతో గీరి, చచ్చిన గడ్డి ఎత్తేసి, గడ్డలు చిదిపాడు. విత్తనంలో పొడి ఇసుక కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాడు. జల్లించిన మట్టి పైన పలచగా వేసి, మట్టి అణిగేలా చెక్కపలక పరిచి దాని మీద నడిచాడు. థెల్మా గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత టీ, అల్లం కేకు పట్టుకొచ్చి, "మిస్టర్ హాస్లమ్, కాస్త కూర్చోండి" అంది.

ఇదంతా మ్యూరియల్ మేడ మీద కిటికీలోంచి చూసింది. ఆ రాత్రి భోజనం దగ్గర ముందు మన వాకిలి చూసుకోవాలి కదా అని అడిగిందట. మనది వచ్చే వారం చూద్దాం, ఆవిడకి తొందరుంది అన్నాడట క్లిఫర్డ్. దేనికి తొందర అని అడిగితే జవాబు లేదు. టీ తాగుతూ కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి ఊరుకోవడం కొత్త కాదు. కానీ ఏదో దాచినవాడిలా ఊరుకున్నాడని మ్యూరియల్‌కి తోచింది. ఆమె ఆ రాత్రి నిద్రపోలేదు. నేనైతే పొరుగింటి పుల్లకూర రుచి కాబట్టి పొరుగింటి పచ్చిక మీద మోజు పడ్డాడని తేల్చేశాను. అది ఆమెకి చెప్పకుండా ఉండాల్సింది.

సోమవారం పొద్దున బస్సుకి వెళ్ళే దారిలో ఆమె చేతిసంచి రోజూ కన్నా ఉబ్బుగా కనిపించింది. బడిలో పిల్లలు వదిలేసిన రొట్టె అంచులు అవి. ఏడేళ్ళుగా వాటిని వాళ్ళ అన్న కోళ్ళకి పంపేది. ఆ రోజు పొదల కంచె దగ్గర ఆగింది, అటూ ఇటూ చూసింది, గుప్పెడు తీసి థెల్మా వాకిట్లో సరిగ్గా ఆ బోడి నేల మీద విసిరింది. మరో గుప్పెడు. నేను ఏం చేస్తున్నావని అడిగాను.

"పిట్టలకి ధర్మం చేస్తున్నా" అంది. మొహంలో నవ్వన్నది లేదు.

పిచ్చుకలు వచ్చాయి. వాటిని చూసి కాకులు, వాటిని చూసి పావురాలు. రొట్టె అయిపోయాక విత్తనం కనబడింది. రోజుకి ఒక సంచి, నాలుగు రోజులు. గురువారానికి ఆ నేల ఎవరో వేళ్ళతో కెలికి వదిలేసినట్టుంది. తప్పు నాది కూడా. చూస్తూ ఊరుకున్నాను. లోపల ఎక్కడో నాకు సరదాగానే ఉంది. థెల్మా జుట్టు అంత కుదురుగా ఉండడం నాకూ గిట్టేది కాదు.

రెండో శనివారం క్లిఫర్డ్ మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ గీరాడు, మళ్ళీ చల్లాడు. ఈసారి పిట్టలకి కనబడకుండా కాళ్ళకి తగిలేలా నల్లదారం అడ్డదిడ్డంగా కట్టాలన్నాడు. ఆ దారం మ్యూరియల్ కుట్టుపెట్టెలోంచి తీసుకెళ్ళాడు, పుల్లలకి కట్టాడు. నాలుగు గంటల పని. మధ్యలో భోజనం థెల్మా ఇంట్లోనే. మ్యూరియల్ కంచె ఇవతల బట్టలారేస్తున్నట్టు నిలబడి ఉతికిన దుప్పటినే మూడుసార్లు తీసి మూడుసార్లు వేసింది. అప్పుడు వినబడింది ఆమెకి. "క్లిఫ్, ఆ దారం కొస నాకివ్వు, నేను పట్టుకుంటా." 'మిస్టర్ హాస్లమ్' అన్న పిలుపు పోయింది. 'మీరు' కూడా పోయింది. వారంలో క్లిఫ్ అయ్యాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేస్తే నేనొక్కదాన్నే వాణ్ణి క్లిఫ్ అంటా. వాళ్ళమ్మ కూడా అనలేదు." సోమవారం వంటశాలలో ఆమె బంగాళాదుంపని గోలీకాయంత అయ్యేదాకా చెక్కింది. చాకు తీసుకోబోతే ఇవ్వలేదు.

దారం ఉంటే రొట్టె పనిచెయ్యదు. పిట్టలు వాలీ వాలగానే కాలికేదో తగిలి బెదిరిపోయేవి. మ్యూరియల్ మూడు రోజులు ఆలోచించింది. శుక్రవారం బడిలో చేపల కూర. చేప తోళ్ళు, ముళ్ళు, తలలు బకెట్టెడు మిగిలాయి. ఆమె వాటిని కాగితంలో చుట్టి, కాగితం మీద కాగితం చుట్టి బస్సులో ఇంటికి తెచ్చింది. కండక్టరు కిటికీలన్నీ తెరిపించాడు. ఆ రాత్రి అవన్నీ కంచె దాటి ఆ మట్టి మీద పడ్డాయి. మర్నాడు తెల్లారేసరికి మా వీధి పిల్లులే కాక, నేనెప్పుడూ చూడని పిల్లులు కూడా థెల్మా వాకిట్లో ఉన్నాయి. గుల్ల చేసిన మట్టి అంటే పిల్లులకి ఎందుకిష్టమో మీకు చెప్పక్కర్లేదు. దారాలు తోకలకి చుట్టుకుని పుల్లలతో సహా లాక్కుపోయాయి.

మూడోసారి. అదే రోజు, సెప్టెంబరు పద్దెనిమిది. క్లిఫర్డ్‌కి పట్టుదల వచ్చింది. విత్తనం చల్లి, దారం కట్టి, ఇంటికొచ్చి పెళ్ళాంతో అన్నాడు: రేపటినుంచి పొద్దున్న ఐదున్నరకే వెళ్ళి థెల్మా ముందుగది కిటికీలో కూర్చుంటాను, ఎవరి పిల్లో పట్టుకుంటాను, ఏడుకి డిపోకి పోతాను. గడ్డి మొలిచేదాకా అంతే.

తను తీసిన గోతిలో తనే పడడమంటే ఇదే. మ్యూరియల్ ఏదైనా విసిరితే దొరికిపోతుంది. విసరకపోతే మూడు వారాల పాటు ప్రతి ఉదయం మొగుడు ఆవిడ ముందుగదిలో ఉంటాడు. పలచటి కర్టెన్ వెనక దీపం వెలిగేది. పళ్ళెంలో ఏదో తెచ్చిపెడుతున్న థెల్మా నీడ కనబడేది. ఓసారి ఇద్దరూ నవ్వారు. క్లిఫర్డ్ నవ్వు ఎలా ఉంటుందో మా వీధికి అప్పుడు తెలిసింది. మ్యూరియల్ కంచె పక్కన నిలబడి విని లోపలికి వెళ్ళిపోయింది. బస్సులో చెబుతూ ఏడ్చింది. "ఏం చెప్పి నవ్వించి ఉంటుంది జెస్సీ? నాకో జోక్ కూడా సరిగ్గా చెప్పడం రాదు." ఆ రోజు నాకు సరదా పోయింది.

ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం. శుక్రవారం ఉదయం ఆరున్నరకి నేను మా గేటు దగ్గర బస్సుకి కలిసి వెళ్దామని ఆమె కోసం చూస్తూ నిలబడ్డాను. మ్యూరియల్ కోటు వేసుకుని, రొట్టె అంచుల సంచి పట్టుకుని బయటికొచ్చింది. కంచె వెనక నక్కలేదు. తిన్నగా థెల్మా గేటు తెరిచి లోపలికెళ్ళింది. కిటికీ ఎదురుగా నిలబడి, సంచి తిరగేసి, ఆ దారాల మీద, ఆ మట్టి మీద మొత్తం ఒలకబోసింది.

క్లిఫర్డ్ బయటికొచ్చాడు. చేతిలో టీ కప్పు అలాగే ఉంది. థెల్మా అతని వెనక గుమ్మంలో ఆగింది.

"నువ్వా?" అన్నాడు.

"నేనే. రొట్టె నేనే, చేపలు నేనే. అంత బాగా కాపలా కాస్తున్నావుగా, దొరికాను, పట్టుకో."

అతను నోరు తెరిచి, థెల్మా వైపు చూసి, మూసుకున్నాడు. ఆ చూపు చూసి మ్యూరియల్ చెయ్యి లేచింది. కొడుతుందేమో అని నేను రోడ్డు దాటాను.

అప్పుడు థెల్మా మెట్టు దిగి వచ్చింది. మొహం తెల్లబోయింది కానీ గొంతు అంతే నెమ్మది. "మిసెస్ హాస్లమ్, నేనీ ఇల్లు అమ్మేసి మోర్‌కాంబ్‌లో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నా. వీధిలో ఎవరికీ తెలియకూడదని మీ ఆయన దగ్గర మాట తీసుకున్నా. చూడ్డానికొచ్చిన మొదటివాళ్ళు ఈ మట్టి చూసి గేట్లోంచే వెనక్కి పోయారు. అక్టోబరు రెండున మరొకళ్ళొస్తున్నారు. మొదటిసారి చల్లింది బతికుంటే ఇప్పటికి పచ్చగా ఉండేది. నాకిక్కడ ఒక్క రోజు కూడా ఉండాలని లేదండీ. ఎవరూ నాతో మాట్లాడరు."

ఆ చివరి మాట అంటూ నా వైపు కూడా చూసింది. ఆరు నెలల్లో నేను ఆవిడతో అన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాకు తల దించుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు బడిలో మ్యూరియల్ చేతిలో కస్టర్డ్ మాడింది. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.

శనివారం పొద్దున క్లిఫర్డ్ డిపోకి వెళ్ళగానే ఆమె ఇంటి వెనక్కి వెళ్ళింది. అక్కడ వంటింటి గోడ వారన పచ్చిక ఆ వేసవి అంతా చావలేదు. అంట్లు తోమిన నీళ్ళు ప్రతి పూటా ఆమె అక్కడే పోసేది. క్లిఫర్డ్‌కి మిగిలిన గడ్డి అంతా అదే. సాయంత్రాలు వెళ్ళి చేత్తో నిమిరేవాడు. మ్యూరియల్ రొట్టె కోసే కత్తి తీసుకుని దాన్ని చదరాలుగా కోసింది, కింద పార పెట్టి వేళ్ళతో సహా పైకి లేపింది. కేకులు కాల్చే పళ్ళాల్లో పెట్టి, గేటు పట్టడానికి నన్ను రమ్మంది. పదకొండుసార్లు తిరిగాం. థెల్మా వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని, దారాలు తీసేసి, ఆ గడ్డి చదరాలు ఒకదాని పక్కన ఒకటి పరిచింది. థెల్మా రెండు కప్పుల టీ తెచ్చి మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మ్యూరియల్ కప్పు ఖాళీ చేసింది. మంచి టీ పారబోసే మనిషి కాదు ఆమె.

"ఆవిడ పోవాలంతే జెస్సీ" అంది, చేతులు దులుపుకుంటూ. "నా వాకిలి మొత్తం పెళ్ళగించి ఇవ్వమన్నా ఇస్తా."

మధ్యాహ్నం క్లిఫర్డ్ వచ్చి ముందు తన వెనక పచ్చికలో పడిన గొయ్యి చూశాడు. తర్వాత థెల్మా వాకిట్లోకి వెళ్ళి చూశాడు. మ్యూరియల్ అతని నోట తిట్టు కోసం ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు చెప్పింది. అతను గుప్పెడు ఇసుక తెచ్చి, అతుకుల్లో పోసి, బొటనవేలితో నొక్కి, చేతులు కడుక్కున్నాడు.

వచ్చినవాళ్ళకి ఇల్లు నచ్చింది. నవంబరు రెండో వారంలో లారీ వచ్చింది. థెల్మా వెళ్తూ మా ఇంటికి కూడా వచ్చి చెప్పింది. మ్యూరియల్ చెయ్యి పట్టుకుని గడ్డికి థాంక్స్ అంది. క్లిఫర్డ్ అప్పుడు డిపోలో ఉన్నాడు. కావాలనే ఆ రోజు ఎక్కువ గంటలు పని పెట్టుకున్నాడని మాకు తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం అతను వెనకవైపు గొయ్యి పూడ్చి మట్టి సరిచేశాడు. చలి వచ్చేసింది, ఇప్పుడు చల్లినా మార్చిదాకా మొలవదని అతనికే బాగా తెలుసు. అయినా డబ్బాలో మిగిలింది చల్లాడు. మ్యూరియల్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కిల్లు ఖాళీ. కర్టెన్లు లేవు. ఎన్నాళ్ళకో ఆమెకి గుండెల మీద బరువు దిగినట్టుందట. ఆ ధీమాతోనే అడిగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో వెయ్యిసార్లు అరిచి అడిగిన ప్రశ్నే. ఈసారి మామూలుగా, లేదన్న మాట వినడానికి అడిగింది.

"నిజం చెప్పు క్లిఫ్. ఆవిడంటే నీకిష్టమైందా?"

అతను దంతె గోడకి ఆనించాడు.

"అయింది."

"ఎప్పట్నించి?"

"రెండోసారి చల్లినప్పట్నించి." మళ్ళీ తనే అన్నాడట: "మొదటిసారి గడ్డి కోసమే వెళ్ళాను మ్యూరియల్. అది మొలిచుంటే మళ్ళీ ఆ గేటు తియ్యాల్సిన పనే ఉండేది కాదు."

ఇదంతా ఆమె సోమవారం నాకు చెప్పింది. బంగాళాదుంపల నీళ్ళలో చేతులు పెట్టుకుని, చెక్కకుండా నిలబడి చెప్పింది. వెళ్తానన్నాడా అని అడిగాను. లేదు, టీ ఇమ్మన్నాడు, ఇచ్చానంది. తర్వాత నీళ్ళలోంచి చెయ్యి తీసి వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. మొదటిసారి చల్లింది, రొట్టె. రెండోసారి చల్లింది, చేప. మూడోసారి, ఆ కిటికీ. నేనామెని చూసి ఏడ్చిన ఏడుపంతా ఆ రోజుతో పోయింది.

క్లిఫర్డ్ ఎక్కడికీ వెళ్ళలేదు. చనిపోయేదాకా పద్నాలుగేళ్ళు అదే ఇంట్లో, అదే కుర్చీలో ఉన్నాడు. మ్యూరియల్ అతన్ని ఇంకెప్పుడూ ఎవరి గురించీ అడగలేదు. వీధిలో అందరూ ఆమె మారిందన్నారు. అడిగితే నిజం చెబుతాడని ఆమెకి తెలిసిపోయింది.